ముందు ఆదిపర్వం చదవండి

డిగ్రీ, పీజీ చదివే మన పిల్లలు సెలవులకు గూడేలకు వచ్చినప్పుడు ఈ మధ్య ఒక ప్రశ్న ఎక్కువగా అడుగుతున్నారు. సాహిత్యంలో గొప్ప పుస్తకాలంటారే, అవి చదవాలనుంది, దేంతో మొదలుపెట్టాలి? కొందరు గ్రూప్స్ పరీక్షల కోసం అడుగుతారు. కొందరికి కథలు రాయాలని ఉంటుంది. ఒకరిద్దరు ఏ అవసరం లేకుండా అడుగుతారు, నాకు వాళ్లంటే ఎక్కువ ఇష్టం. ఎవరు అడిగినా చేతిలో డబ్బు తక్కువ, ఊళ్లో గ్రంథాలయం లేదు, చదువుకోడానికి దొరికే టైము సెలవులే. అందుకే ఏది ముందు అనేది మనకు చిన్న ప్రశ్న కాదు. పట్నంలో ఉన్నవాడు ఒక పుస్తకం నచ్చకపోతే అల్మరాలో ఇంకొకటి తీసుకుంటాడు. మన పిల్లకు నెల రోజుల సెలవుల్లో దొరికేది ఒక్కటే పుస్తకం. అది తనకేమీ కాదనిపిస్తే సాహిత్యమే తనది కాదనుకుంటుంది.

ఈ ప్రశ్నకు ఇప్పటికే రెండు జవాబులు తిరుగుతున్నాయి. మొదటిది సిలబస్ జవాబు. కవిత్రయం, మనుచరిత్ర, వసుచరిత్ర, కన్యాశుల్కం, మాలపల్లి, వేయిపడగలు, మహాప్రస్థానం, అసమర్థుని జీవయాత్ర, చివరకు మిగిలేది, అల్పజీవి. వీటిలో పనికిరాని పుస్తకం ఒక్కటీ లేదు. కానీ ఈ జాబితా వేసినవాళ్లు నిలబడి చూసిన చోటు నుంచి కొండ దూరంగా, నీలంగా కనిపిస్తుంది. కొండమీద మనుషులున్నారన్న సంగతి వేటకో, వనవాసానికో వెళ్లినప్పుడు తప్ప గుర్తు రాదు.

రెండోది మనవాళ్ల జవాబు. ఆ పాత పుస్తకాలన్నీ మనల్ని రాక్షసులుగా, కోతులుగా, బోయలుగా చూపించినవే, అవి మనకెందుకు, మనవాళ్లు రాసినవే చదువుకుందాం అంటారు. ఈ కోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అయినా దీంతో ఒక చిక్కుంది. మనం చదవనంత మాత్రాన ఆ పుస్తకాలు ఊరుకోవు. మన పిల్లల పాఠ్యపుస్తకంలోకి, సినిమాలోకి, బడి పేరులోకి, ఆఫీసులో మనతో మాట్లాడే గుమాస్తా గొంతులోకి అవి వస్తూనే ఉంటాయి. అక్కడ ఏం రాసి ఉందో మనకు తెలియకపోతే వాళ్లు చెప్పిందే వినాలి.

నా జవాబు ఈ రెండూ కాదు. ముందు ఆదిపర్వం చదవండి అంటున్నాను. అది గొప్పదని అందరూ అన్నారు కాబట్టి కాదు. అందులో మనం నాలుగుసార్లు ఉన్నాం కాబట్టి.

తెలుగు సాహిత్యానికి మొదటి కావ్యం నన్నయ భారతం అంటారు. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజనరేంద్రుడి కొలువులో మొదలైంది. ఆది, సభా పర్వాలు పూర్తిగానూ అరణ్యపర్వం కొంతవరకూ నన్నయ రాశాడు. రాజమహేంద్రవరం మనకు దూరపు ఊరేమీ కాదు. పాపికొండల మధ్య నుంచి, కోయ, కొండరెడ్డి గూడేలను ఒరుసుకుంటూ వెళ్లే గోదావరి చేరే ఊరే. అక్కడ కూర్చుని తెలుగులో మొదటి పెద్ద పుస్తకం మొదలుపెడితే దాని మొదటి పర్వంలోనే అడవి నాలుగుసార్లు వచ్చింది. ఏకలవ్యుడు, లక్క ఇంట్లో కాలిపోయిన నిషాద స్త్రీ, హిడింబ, ఖాండవ దహనం. కథలు వ్యాసుడివే, నన్నయ పుట్టించినవి కావు. అయినా తెలుగు చదువరి అడవి మనిషిని మొదటిసారి పుస్తకంలో కలుసుకున్నది ఇక్కడే.

ఏకలవ్యుడి కథ అందరికీ తెలుసు. నిషాద రాజు హిరణ్యధన్వుడి కొడుకు. ద్రోణుడు చదువు చెప్పనన్నాడు. మట్టిబొమ్మ పెట్టుకుని నేర్చుకున్నాడు. మొరుగుతున్న కుక్క నోట్లో బాణాలు కొట్టాడు. అర్జునుడికి కన్ను కుట్టింది. ద్రోణుడు కుడిచేతి బొటనవేలు అడిగాడు, ఇచ్చేశాడు. మన కవులు ఈ బొటనవేలు మీద ఎన్ని కవితలు రాశారో లెక్కలేదు. నిజం చెప్పాలంటే ఆ వేలు మన కవిత్వంలో అరిగిపోయింది. పోలికగా వాడుకోవడమే తప్ప కథను మళ్లీ తీసి చదివినవాళ్లు తక్కువ.

తీసి చదివితే కనిపించేవి వేరు. ఒకటి, కథ ఎంత చిన్నదో. రెండు, ఏకలవ్యుడు రాజు కొడుకు అని చెప్పి కూడా ఆ రాజును కథలోకి రానివ్వలేదు. కొడుకు వేలు తెగి ఇంటికి వస్తే తండ్రి ఏమన్నాడు? తల్లి ఏమంది? ఆ రాజ్యంలో విలుకాళ్లు ఇంకెవరూ లేరా? ఏకలవ్యుడికి విల్లు పట్టుకోవడం మట్టిబొమ్మ ముందే తెలిసిందా, చిన్నప్పుడు తాత నేర్పలేదా? అడవిలో పుట్టినవాడికి బాణం వేయడం ద్రోణుడి దయ వల్లే రావాలన్నట్టు కథ నడుస్తుంది. వేలు పోయాక కథ అతని వైపు ఒక్క చూపు చూసి, అతని బాణంలో మునుపటి వేగం లేదని చెప్పి, అర్జునుడి మనసు కుదుటపడిందని వెళ్లిపోతుంది. ఇంకా ముందుకు వెళ్తే, సంస్కృత భారతం ద్రోణపర్వంలో కృష్ణుడు జరాసంధుడితో, శిశుపాలుడితో పాటు ఏకలవ్యుణ్ణి కూడా మీ మేలు కోసమే లేకుండా చేశానని అర్జునుడితో చెప్తాడు. అంటే వేలు తీసుకున్నాక కూడా భయం పోలేదన్నమాట. ఈ సంగతి మన కవితల్లో ఎక్కడా కనిపించదు. చదివితే కదా కనిపించడానికి.

ఇక్కడొక పక్క మాట. మన దేశంలో మంచి ఆటగాళ్లకు అర్జున అవార్డు ఇస్తారు, 1961 నుంచి. ఆట నేర్పిన గురువులకు ద్రోణాచార్య అవార్డు, 1985 నుంచి. ఆదివాసీ పిల్లల గురుకులాలకు మాత్రం ఏకలవ్య మోడల్ రెసిడెన్షియల్ స్కూల్ అని పేరు. బడిలో చేర్చుకోని పిల్లవాడి పేరు బడికి పెట్టారు. పేరు పెట్టినవాళ్లు గౌరవంగానే పెట్టి ఉంటారు. కానీ ఆ బడిలో చదివే పిల్లకు ఆ కథ పూర్తిగా తెలిసి ఉండాలి, సగం కాదు.

రెండోది లక్క ఇల్లు. పాండవుల్ని కాల్చి చంపడానికి దుర్యోధనుడు కట్టించిన ఇల్లు. పాండవులకు సంగతి తెలిసిపోతుంది. బిలం తవ్వుకుంటారు. ఆ రాత్రి ఒక నిషాద స్త్రీ, ఆమె అయిదుగురు కొడుకులు అక్కడ తిని, తాగి, మత్తులో పడుకుంటారు. భీముడు ఇంటికి నిప్పంటిస్తాడు. పాండవులు బిలంలోంచి వెళ్లిపోతారు. తెల్లారి ఊరివాళ్లు బూడిదలో ఆరు శవాలు చూసి తల్లీ అయిదుగురు కొడుకులూ పోయారని ఏడుస్తారు. లెక్క సరిపోయింది. అయిదుగురు కొడుకులున్న తల్లి స్థానంలో అయిదుగురు కొడుకులున్న తల్లి.

బడిలో ఈ కథ చెప్పినప్పుడు పాండవులు తెలివిగా తప్పించుకున్నారనే చెప్తారు. ఆ ఆరుగురి ఊసు ఎత్తరు. ధర్మరాజు వాళ్ల కోసం బాధపడినట్టు కథలో ఎక్కడా లేదు. యుద్ధం అయ్యాక చచ్చిపోయిన బంధువుల కోసం శాంతిపర్వమంతా ఏడ్చినవాడు ఈ ఆరుగురిని తలచుకోడు. ఆమెకు పేరు లేదు. కొడుకులకు పేర్లు లేవు.

దీన్ని మనసులో పెట్టుకుని ఆదిపర్వం చివరికి రండి. ఖాండవ దహనం. శ్వేతకి అనే రాజు చేసిన యాగాల్లో నెయ్యి తాగి తాగి అగ్నికి అజీర్తి చేసింది. దానికి మందు ఖాండవ వనం. ఎక్కడో ఎవరికో రోగం వస్తే మందు మన అడవి కావడం. పోలవరం ముంపు మండలాల పిల్లలకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. అగ్ని బ్రాహ్మణ వేషంలో వచ్చి కృష్ణార్జునుల్ని ఆకలి తీర్చమని అడుగుతాడు. గాండీవం అప్పుడే అర్జునుడి చేతికి వస్తుంది. ఇద్దరూ రెండు వైపులా నిలబడి, బయటికి పారిపోయే ప్రాణినల్లా కొట్టి మంటలో పడేస్తారు. తక్షకుడి భార్య చచ్చిపోతుంది. మిగిలింది తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, శరణు అడిగిన మయుడు, నాలుగు పక్షిపిల్లలు. అంతే.

ఆ నాలుగు పక్షిపిల్లల కథ నాకు ఈ పర్వం మొత్తంలో ఎక్కువ పని చెప్పింది. అవి శార్ఙ్గక పక్షులు. తల్లి పేరు జరిత. పిల్లల పేర్లు జరితారి, సారిసృక్వుడు, స్తంబమిత్రుడు, ద్రోణుడు. అవును, ఒక పక్షిపిల్ల పేరు కూడా ద్రోణుడే. మంట దగ్గరికి వస్తుంటే తల్లీ పిల్లలూ మాట్లాడుకుంటారు. కలుగులో దాక్కోమంటుంది తల్లి. అక్కడ ఎలుక ఉంది, దానికంటే మంటే నయం అంటాయి పిల్లలు. మీరైనా బతకండమ్మా అంటాయి. చదువుతుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది. పక్షుల భయాన్ని ఇంత దగ్గరగా చూసి చెప్పినవాణ్ణి పెద్ద కవి కాదని ఎలా అంటాం?

అదే కవి, అదే పర్వం. పక్షిపిల్లలకు నాలుగు పేర్లు, తలా ఒక మాట, తలా ఒక స్తోత్రం. నిషాద స్త్రీ అయిదుగురు కొడుకులకు ఒక్క పేరు లేదు, ఒక్క మాట లేదు. ఆ పక్షిపిల్లలు మందపాలుడనే ఋషి సంతానం. అందుకే అగ్ని వాటిని వదిలాడు, అందుకే కథకు వాటి పేర్లు తెలుసు. ఈ సంగతి ఎవరో విమర్శకుడు చెప్తే వినడం వేరు, మనమే రెండు చోట్లా వేలు పెట్టి చదివి కనుక్కోవడం వేరు. కరుణ లేక కాదు వాళ్లు మన పేరు రాయనిది. ఆ కరుణకు ఒక సరిహద్దు ఉంది. ఆ సరిహద్దు ఎక్కడుందో చూడాలంటే కరుణ ఉన్న కవినే చదవాలి. కరుణ లేనివాడి దగ్గర అది కనపడదు.

హిడింబ సంగతి క్లుప్తంగా చెప్తాను. నాలుగింటిలో నోరు విప్పి తనకు కావలసింది అడిగింది ఆమె ఒక్కతే. కుంతి ముందు నిలబడి నీ కొడుకు కావాలి అంటుంది. బిడ్డ పుట్టేదాకా అని గడువు పెట్టి ఒప్పుకుంటారు. ఆ బిడ్డ ఘటోత్కచుడు. తలచుకున్నప్పుడు వచ్చి మోసుకెళ్లమంటే మోశాడు, యుద్ధంలో చావమంటే చచ్చాడు. కర్ణుడి దగ్గర అర్జునుడి కోసం దాచిన శక్తి ఇతని మీద ఖర్చయిందని కృష్ణుడు సంతోషించాడు. తల్లికి కబురు పంపారో లేదో తెలియదు. మన ఆడపిల్లలు ఎవరైనా హిడింబ గురించి రాయాలని నా కోరిక.

నన్నయ తెలుగు కష్టం కదా అంటారు. కష్టమే. పద్యం దగ్గర ఆగిపోకండి. తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన ప్రతిలో తాత్పర్యం ఉంది. వచనంలో కావాలంటే పురిపండా అప్పలస్వామి రాసిన వ్యావహారికాంధ్ర మహాభారతం ఉంది. మన ఇళ్లలో మనకు మన భాష, బడిలో ఇంకో తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు. ఇన్ని మెట్లు ఎక్కినవాళ్లకు నన్నయ ఇంకొక మెట్టు, అంతే.

ఈ మెట్ల గురించి మొదట ఆలోచించినవాడు గిడుగు రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. కానీ ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నాడని, సవర పిల్లలకు సవర భాషలో చదువు చెప్పాలని పుస్తకాలు రాశాడని, సవర భాషకు వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో తెచ్చాడని ఆ రోజు వేదికల మీద పెద్దగా చెప్పరు. వాడుక తెలుగు కోసం పోరాడిన మనిషికి కొండమీద కూడా ఒక బడి ఉండేది.

ఇక ఆదిపర్వం తర్వాత ఏమిటి? వెంటనే మహాశ్వేతాదేవి బెంగాలీలో రాసిన కుంతి, నిషాది కథ చదవండి. ఇంగ్లీషులో దొరుకుతుంది. యుద్ధం అయిపోయాక ముసలి కుంతి అడవిలో ఉంటుంది. అక్కడ ఒక నిషాద స్త్రీ ఆమెను నిలదీస్తుంది. లక్క ఇంట్లో కాలిపోయిన తల్లికి కోడలు ఆమె. కుంతి తన పాపాలన్నీ గుర్తు చేసుకుంటుంది గానీ ఆ ఆరుగురు మాత్రం గుర్తు రారు. ఆశ్రమవాసపర్వంలో కుంతి, గాంధారి, ధృతరాష్ట్రుడు అడవి మంటల్లోనే చనిపోయారని గుర్తుంటే ఈ కథ ఇంకా బలంగా తగులుతుంది. ఈ కథ రుచి తెలియాలంటే ఆదిపర్వం ముందు చదివి ఉండాలి. పాతది వద్దంటే కొత్తది కూడా సగమే అందుతుంది. ఖాండవ దహనానికి ఇరావతీ కర్వే రాసిన 'యుగాంత' తోడుపెట్టుకోండి. మరాఠీలో రాసింది, 1968లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆమె మనుషుల శాస్త్రం చదువుకున్నది కాబట్టి ఆ మంటల్లో దేవుడి లీల కాకుండా అడవిని నమ్ముకుని బతికినవాళ్ల ఊచకోతను చూసింది.

పాత కావ్యాల్లో రెండోది ఏరుకోమంటే ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడి కథ ఏరుకుంటాను. పెద్దన, రామరాజభూషణుల కంటే ముందు ఇదే. కారణం ఒక్కటే, తిన్నడు మాట్లాడతాడు. బాగా మాట్లాడతాడు. ఎండలో, వానలో, చెట్టు కింద ఒంటరిగా ఉన్న శివలింగాన్ని చూసి, నీకిక్కడేం పని, మా ఉడుమూరికి రా, మాకు ఇల్లుంది, మాంసముంది, చేసిపెట్టేవాళ్లున్నారు అని పిలుస్తాడు. చుట్టం ఒంటరిగా కనిపిస్తే ఇంటికి లాక్కెళ్లే మన పద్ధతి అది. ధూర్జటి ఎక్కడ విన్నాడో గానీ సరిగ్గా విన్నాడు. చిన్నప్పుడు తిన్నడు ఆడిన ఆటల పేర్లు వరసగా చెప్తాడు. వేట చెప్తాడు. నోట్లో నీళ్లు పట్టి తెచ్చి అభిషేకం చేయడం, రుచి చూసి మంచి ముక్క దేవుడికి పెట్టడం, ఏదీ దాచడు. పూజారి చీదరించుకుంటే కవి పూజారి పక్షం తీసుకోడు.

అయినా ఈ కథకూ ఒక ధర ఉంది. తిన్నడు గొప్పవాడు కావాలంటే కన్ను పెకలించి ఇవ్వాలి. ఏకలవ్యుడు వేలు, తిన్నడు కన్ను. మన శరీరంలోంచి ఏదో ఒకటి తీసి ఇస్తే తప్ప పెద్ద పుస్తకంలో చోటు దొరకదా అని అడగాలనిపిస్తుంది. కానీ ఏకలవ్యుడి దగ్గర అడిగి తీసుకున్నారు, తిన్నడు తనంతట తాను ఇచ్చాడు, దేవుడు తిరిగి ఇచ్చాడు. ఈ తేడా చిన్నది కాదు. శబరి గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఎంగిలి పండు కథ వాల్మీకిలో లేదు, తర్వాత జనం చేర్చుకున్నది. అంటే జనం తిన్నడి ఎంగిలిని చూసి ఓర్చుకున్నట్టే శబరి ఎంగిలినీ ఇష్టపడ్డారు. శాస్త్రం వద్దన్నదాన్ని జనం కావాలనుకున్న చోట్లు పాత సాహిత్యంలో చాలా ఉన్నాయి. వెతుక్కోవాలి.

కొత్తకాలపు పుస్తకాల్లో గోపీనాథ్ మహంతి 'పరజా' తప్పనిసరి. ఒడియాలో 1945లో వచ్చింది. అరకు దాటితే వచ్చే కోరాపుట్ కొండల కథ. సుక్రు జాని అనే రైతు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఫారెస్టు గార్డు కన్ను కూతురి మీద పడుతుంది, కుదరక చెట్లు కొట్టారని కేసు పెడతాడు. జరిమానా కట్టడానికి సాహుకారు దగ్గర అప్పు, అప్పుకు గోతి అనే వెట్టి, భూమి తాకట్టు, చివరికి కూతురు కూడా సాహుకారు ఇంట్లో. ఆఖరికి సాహుకారును గొడ్డలితో నరికి తండ్రీ కొడుకులు పోలీసు స్టేషన్‌కి నడుస్తారు. అప్పు ఎలా పుడుతుందో, పుట్టిన అప్పు ఎలా ఎప్పటికీ తీరదో ఇంత ఓపిగ్గా చెప్పిన నవల నేను ఇంకోటి చదవలేదు. మహంతి ఆ ప్రాంతంలో ప్రభుత్వ అధికారిగా పనిచేశాడు, కాగితం ఎలా కదులుతుందో తెలుసు. నాకున్న పేచీ ఇది. ఆయన చేతిలో మనవాళ్ల పాటలు, ఆటలు, సారా మరీ అందంగా ఉంటాయి, ఆలోచనలు తక్కువగా ఉంటాయి. ఊరు ఊరుగా కూర్చుని ఏం చేద్దామని మాట్లాడుకోవడం బలంగా కనిపించదు. ఏ గూడెంలోనైనా ఒకడి మీద జరిమానా పడితే ముందు జరిగేది అదే.

అందుకే 'పరజా' పక్కన అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన 'కొమురం భీం' ఉండాలి. అక్కడా జరిమానాలు, ఫారెస్టువాళ్లు, పట్టాల పేరుతో భూములు పోవడం ఉంటాయి. కానీ జనం కూర్చుంటారు, మాట్లాడుకుంటారు, జోడేఘాట్ దాకా వస్తారు. నవలగా చూస్తే మహంతిది చేయి తిరిగిన పని. మన మనిషి తల లోపల ఏముందో తెలిసింది మాత్రం రెండోదానిలో. రెండిట్లో ఒకటే కొనగలిగితే ఏది కొనాలో నేను చెప్పను. ఇద్దరు స్నేహితులు చెరొకటి కొని మార్చుకోండి.

1940లో భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల గురించి తెలుసుకోడానికి పంపింది. ఆయన అంతకుముందు చెంచుల మీద, కొండరెడ్ల మీద కూడా పనిచేశాడు. ఆ పుస్తకాలు 1943, 1945లో వచ్చాయి. గోండుల పుస్తకం 1948లో. చినువా అచెబె 1958 నాటి నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్' చివర ఒక తెల్ల అధికారి ఉంటాడు. ఒకొంక్వో అనే మనిషి జీవితమంతా, చావుతో సహా, తను రాయబోయే పుస్తకంలో ఒక పేరాకు సరిపోతుందని లెక్కవేసుకుంటాడు. ఆ పేజీ చదివాక ఏ మానవశాస్త్ర గ్రంథమైనా కాస్త అనుమానంగానే తెరుస్తాం, తెరవాలి కూడా. కానీ హైమెండార్ఫ్ మనవాళ్లను పేరాకు కుదించలేదు. ప్రధాన్‌లు చెప్పిన దేవుళ్ల కథలను, సగల పుట్టుకను, పెర్సపేన్ పూజలను పొడుగ్గా రాసిపెట్టాడు. దాన్ని ఆయన అభిప్రాయాల కోసం కాక ఆ కథల కోసం చదవండి.

ఆ కథల దగ్గరికి వచ్చాక ఇంకో మాట చెప్పాలి. మనకు క్లాసిక్ లేదు, నోటిమాటే తప్ప పుస్తకం లేదు అని మనవాళ్లే అంటుంటారు. గోండుల లింగో గాథను స్టీఫెన్ హిస్లాప్ అనే పాదిరీ ప్రధాన్ గాయకుల దగ్గర విని రాసుకున్నాడు. ఆయన చనిపోయాక రిచర్డ్ టెంపుల్ 1866లో అచ్చువేయించాడు. కన్యాశుల్కం మొదట రంగస్థలం ఎక్కింది 1892లో. మన గాథ అంతకు ఇరవై ఆరేళ్ల ముందే అచ్చులో ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి, ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. లేదనే మాట మానేసి, ఉన్నవాటిలో ఏది ముందు చదవాలి అని అడగాల్సిన దశకు మనం వచ్చాం.

లింగో గాథ ఎందుకు ముందు అంటే, ఆదిపర్వంలో అడవి కాలిపోతుంది, ఇక్కడ గుహలో మూసిపెట్టిన గోండు దేవుళ్లను లింగాల్ బయటికి తెస్తాడు. ఇక్కడ ఎవరూ ఎవరికీ దక్షిణ ఇవ్వరు. గోత్రాలు, వావివరసలు, ఎవరు ఎవరిని పెళ్లాడాలి అన్నదంతా ఈ కథలోంచే పుడుతుంది. ఇది చట్టమూ కథా కలిసిన పుస్తకం, భారతం లాగానే. పక్కపక్కన పెట్టి చదివితే ఏది ఎవరి వైపు నుంచి చూస్తోందో తెలుస్తుంది.

మా కోయల్లో అయితే ఇంకా పుస్తకం దాకా రానివే ఎక్కువ. డోలీలు పడిగె విప్పి, దాని మీది బొమ్మలు చూపిస్తూ గట్టుల కథలు, వేల్పుల కథలు పాడతారు. 2022లో సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ ఇచ్చినప్పుడు పత్రికలన్నీ ఆయన ఫొటో వేశాయి, పాడిన కథ ఏమిటో వేసినవి తక్కువ. చదవాల్సిన క్లాసిక్‌లు ఏరుకునేటప్పుడు వినాల్సినవి కూడా ఏరుకోవాలి. సమ్మక్క కథను మేడారంలో మైకులో వినేదీ డోలీ నోట వినేదీ ఒకటి కాదు.

ఇప్పటి మనవాళ్లు రాస్తున్నవి, మల్లిపురం జగదీశ్ 'శిలకోల', రమేశ్ కార్తీక్ నాయక్ 'ధావ్లో' లాంటివి, క్లాసిక్‌లు అవునో కాదో ఇంకో తరం చెప్తుంది. మన తెగల మధ్య రిజర్వేషన్ల తగవులు ఎన్ని ఉన్నా పుస్తకాలు ఒకరివి ఒకరు చదవడానికి అవి అడ్డం కాకూడదు. వాటిని చదవమని నేను చెప్పనక్కరలేదు, పిల్లలు ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటూనే ఉన్నారు.

ఆశ్రమ పాఠశాలలో పనిచేసే మన మాస్టర్లు కొందరు చిన్న చిన్న పుస్తకాల అరలు పెడుతున్నారు. పది పుస్తకాలకు మించి చోటు ఉండదు. వాళ్లను ఒక్కటి అడుగుతాను. ఆదిపర్వం వచనం ఒకటి, తిన్నడి కథ ఒకటి, 'పరజా', 'కొమురం భీం', హైమెండార్ఫ్‌లోని కథల అనువాదం ఎవరైనా చేయిస్తే అది పెట్టండి. వాటి పక్కన రెండు వందల పేజీల తెల్లకాగితాల నోటుబుక్కు ఒకటి, పెన్ను కట్టి. డోలీ గూడేనికి వచ్చినప్పుడు తొమ్మిది, పది చదివే పిల్లల్ని ఆ నోటుబుక్కుతో పంపండి. కథ మధ్యలో లేచి రావద్దని ముందే చెప్పండి. వేల్పు కథ ఎత్తితే దించేదాకా డోలీ ఆగడు, ఒక్కోసారి తెల్లారుతుంది. మర్నాడు హాజరు పట్టీలో ఆ పిల్లలకు గైర్హాజరు వేయకండి.